చీర్ గర్ల్స్ గురువు కొండయ్య

ముందు నా తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. కొండయ్య మామను నలుగురిలో నవ్వులపాలు చేసే సీను రాసింది నేనే. ఎవరో మెడ మీద కత్తి పెట్టి రాయించారని చెప్పుకునే వీలు కూడా లేదు. ప్రొద్దుటూరు బస్టాండు ఎదురుగా ఉగ్గాని తింటూ, నాలో నేనే నవ్వుకుంటూ, ఇష్టంగా రాశాను.

అప్పట్లో నేను ఒక టీవీ సీరియల్‌కు మాటలు రాస్తున్నాను. దాని పేరు ‘చప్పట్ల జట్టు’. పది భాగాలు, నవ్వులు ఎక్కువ, కన్నీళ్లు తక్కువ అని చానెల్ వాళ్లతో ఒప్పందం. కథ చిన్నదే. ప్రొద్దుటూరులో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీ ఉంటుంది. దాని కబడ్డీ జట్టు ఏ ఊరికి పోయినా ఓడిపోయి వస్తుంటుంది. క్రికెట్ మ్యాచుల్లో చీర్ గర్ల్స్ ఎగరడం చూసిన ఒక పిల్లకు, మనకూ అట్లాంటి జట్టు ఉంటే కబడ్డీ పిల్లలకు ఊపు వస్తుంది కదా అనిపిస్తుంది. పదముగ్గురిని పోగు చేస్తుంది. నేర్పేవాళ్లు మాత్రం ఊరంతా గాలించినా దొరకరు. ఆఖరికి ఒక చెక్కభజన గురువును పట్టుకొచ్చి కోచ్‌ను చేస్తారు. ఇంక చూడండి తమాషా అని నేను చానెల్ ఆఫీసులో చేతులు ఊపుతూ చెప్పాను. వాళ్లు నమ్మారు.

మాది దువ్వూరు. మా వైపు చెక్కభజన చూడకుండా పెరిగినవాడు ఉండడు. జానెడు కొయ్యచెక్కలు రెండు, వాటికి ఇత్తడి బిళ్లలు. ఆ జతను ఒకే చేతిలో పట్టుకుని మోగిస్తూ, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ పాటకు అడుగు వేస్తారు. మధ్యలో గురువు ఉంటాడు. ఆయన చెక్క ఎట్లా మోగితే జట్టు అట్లా తిరగాలి. ఇవన్నీ నాకు తెలుసు కాబట్టే నాకు ఆ సీరియల్ పని దొరికింది. తెలిసినవాడే బాగా వెక్కిరించగలడు, అదీ సంగతి.

నటించే పిల్లలకు అడుగులు నేర్పడానికి అసలైన గురువు కావాలని జమ్మలమడుగులో విచారిస్తే, పెద్దముడియం దగ్గర ఒక పల్లెలో కొండయ్య అని ఉన్నాడు, పో అన్నారు. పోయేసరికి ఆయన శనగ కోసిన చేలో గొర్రెలు మేపుతున్నాడు. అరవై ఆరేళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా, తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. మోకాళ్లు నొప్పులని నడకలోనే తెలుస్తోంది. ఎప్పుడో పద్దెనిమిదేళ్ల వయసులో చెక్క పట్టాడట. ముప్పై ఏళ్లకు గురువయ్యాడు. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన జట్టు అంటే పేరు. తర్వాత జట్టులో నలుగురు కువైటుకు పోయారు, ముగ్గురు లారీలెక్కారు, ఇద్దరు చచ్చిపోయారు, మిగిలినవాళ్లకు తీరిక లేకుండా పోయింది. ఎనిమిదేళ్ల నుంచి ఆయన చెక్కలు గోడకు వేలాడుతున్నాయి.

నేను చానెల్ గురించీ సీరియల్ గురించీ వివరంగా చెప్పబోయాను. ఆయన అదేమీ అడగలేదు. పిల్లలు ఎంతమంది అని మాత్రం అడిగాడు. పదముగ్గురన్నాను. ఆయన వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు.

“పదమూడు జతలే ఉండాయప్పా నా కాడ,” అన్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే మొదటి బస్సుకు ప్రొద్దుటూరులో దిగాడు. భుజాన గోనెసంచి. అందులో పదమూడు జతలు, పసుపు రాసి, పాత చీర పేలికల్లో విడివిడిగా చుట్టి ఉన్నాయి. ఆయన భార్య చిన్నసుబ్బమ్మ ఎనిమిదేళ్లూ శనివారం శనివారం వాటిని తుడిచి పెట్టిందట, ఎవరూ ఆడకపోయినా. ఆయన సొంత జత సంచిలో లేదు, నడుముకు కట్టుకున్నాడు. అది ఆయన గురువు ఇచ్చినది. బొటనవేలు ఆనే చోట కొయ్య అరిగి గుంటపడింది.

పదముగ్గురిలో ఇద్దరు హైదరాబాదు నుంచి వచ్చిన నటీమణులు. మిగతా పదకొండు మందీ ఇక్కడి కాలేజీల పిల్లలే. కోచ్ వేషం వేయాల్సిన నటుడు ఇంకో సినిమా దొరికిందని చెప్పకుండా పోతే, దర్శకుడు కొండయ్యను తేరిపార చూసి, ఈయనే వేస్తాడన్నాడు. వేషం అంటే ఏందని కొండయ్య అడిగాడు. నువ్వు నీలాగే ఉండు మామా, చాలు అన్నాను. అట్లయితే అదేం పని అని నవ్వాడు.

మొదటి వారమంతా గొడవే. భజనలో అందరూ మధ్యన పెట్టిన దీపం వైపు తిరిగి ఆడతారు. కెమెరా ఎటు పెట్టినా దాని ముందు వీపులు తప్ప ఇంకేమీ లేవు. దర్శకుడు తల పట్టుకున్నాడు. పిల్లల్ని ఇటు తిప్పమన్నాడు, బతిమాలాడు, ఒకసారి అరిచాడు కూడా. దీపానికి వీపు చూపించేది మా దగ్గర లేదని కొండయ్య కూర్చున్నాడు. మూడో రోజు ఆయనే ఒక దారి కనిపెట్టాడు. దీపం తీసుకెళ్లి కెమెరా స్టాండు ముందు పెట్టాడు. ఇప్పుడు దీపం వైపు తిరిగితే కెమెరా వైపు తిరిగినట్టే. ఆ రోజు నుంచి చివరి దాకా ఆ కెమెరా ముందు రోజూ దీపం వెలిగింది. కెమెరామన్ వైర్లు కాలకుండా కాపలా కాసుకుంటూ షూటింగు చేశాడు, పాపం.

బట్టల సంగతి ఇంకో కథ. హైదరాబాదు నుంచి మోకాళ్లు దాటని స్కర్టులు వచ్చాయి. వాటిని చూసి పదకొండు మంది తల్లులు కలిసి ఒకే మాట అన్నారు. ఆ మాట రాయను. మార్కెట్ సందులో టైలర్ అలీ అహ్మద్ చీలమండల దాకా పైజామాలు, వాటి మీద కుచ్చుల కుర్తాలు కుట్టి ఇచ్చాక గాని తల్లులు శాంతించలేదు.

ఆ పదకొండు మందిలో జువేరియా ఒకతె. బీఎస్సీ రెండో సంవత్సరం. తండ్రి గఫూర్ కువైటులో బండ్లు రిపేరు చేస్తాడు. తల్లి ఒక షరతు మీద పంపింది, దేవుడి పాటలు పిల్ల నోట రాకూడదని. ఈ మాట కొండయ్యకు ఎట్లా చెప్పాలా అని నేను నీళ్లు నములుతుంటే, కబడ్డీకి దేవుళ్లను పిలిచి ఇబ్బంది పెట్టేదెందుకులే అని ఆయనే పాటలన్నీ మార్చేశాడు. కూతకు వెళ్లే కాళ్లనూ, పట్టుకునే చేతులనూ పొగుడుతూ కొత్తగా కట్టాడు. నేను రాసిన పాటల కన్నా అవే బాగున్నాయి. ఈ మాట చానెల్ వాళ్లకు చెప్పలేదు.

జువేరియాకు అరచేతులు చెమటలు పడతాయి. చెక్క పట్టు నిలవదు. మిగతావాళ్లు వారంలో నేర్చుకున్నది ఆ పిల్లకు మూడు వారాలు పట్టింది. కానీ వదిలే రకం కాదు. అందరూ వెళ్లిపోయాక కూడా నిలబడి అడుగులు వేసేది. కొండయ్య ఇంటి నుంచి పిడక బూడిద పొట్లం కట్టి తెచ్చి ఆ పిల్ల అరచేతులకు రుద్దించేవాడు. ఆమె కోసం జమ్మలమడుగు బస్సు ఎన్నిసార్లు వదులుకున్నాడో లెక్కలేదు. రెండో నెల వచ్చేసరికి పదముగ్గురిలో ఆయన అడుగును అచ్చంగా పట్టుకున్నది ఆ పిల్లే. ఒక్కోసారి గురువు తర్వాతి అడుగు ఏం వేస్తాడో ముందే తెలిసినట్టు తిరిగేది. అప్పుడు మామ ముఖం చూడాలి. ఎనిమిదేళ్ల తర్వాత వాన చూసిన రైతు ముఖం అది.

ఇక ఆయన జట్టులో ఒక కట్టుబాటు ఉంది. చెక్క చేతిలోంచి జారి నేలన పడితే, ఆ మనిషి వరసలోంచి బయటికి పోవాలి. ఆ ఏడాదంతా ఆడకూడదు. జట్టు ఆడుతుంటే పక్కన నిలబడి బిందెతో నీళ్లు మోసి అందరికీ తాపాలి. నేర్చుకునేటప్పుడు పడితే ఆ పూటకే శిక్ష, నలుగురి ముందు ఆటలో పడితే ఏడాది. పిల్లలకు ఇది మహా సరదాగా ఉండేది. హైదరాబాదు నటీమణి ఒకతె కూడా ఒక పూట కాలేజీ కొళాయి నుంచి బిందె మోసింది, దాన్ని ఫోన్లో ఫొటో తీయించుకుంది.

ఒక మధ్యాహ్నం అన్నాలు తింటున్నప్పుడు జువేరియా అడిగింది. “గురువుకు గూడా ఇదేనా తాతా రూలు?”

“గురువుకు ఇంగా గట్టిగా ఉంటాది పాపా. గురువు చెయ్యి జారితే వాని చెక్కలు జట్టులో ఇంగొకరి చేతిలో పెట్టల్ల. ఆ పొద్దుతో వాడు గురువు గాదు. వాడు గూడా బిందె ఎత్తుకోవాల్సిందే.”

“నీకు ఎప్పుడన్నా జారిందా?”

“నలభై ఎనిమిదేండ్లాయ. ఇంగా జారలేదు.”

ఆ మాట అంటూ ఆయన సంగటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. గొప్పగా ఏమీ అనలేదు, పొద్దు ఎంతయిందో చెప్పినట్టు చెప్పాడు. పక్కనే ఉన్న నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. భక్తితో కాదు. చివరి భాగానికి ముగింపు దొరకక నెల రోజులుగా కొట్టుకుంటున్నాను, అది అప్పుడు దొరికింది. పులివెందులలో ఫైనల్ మ్యాచ్. మైదానం నిండా జనం. ఎన్నడూ చెక్క జారని గురువు చేతిలోంచి చెక్కలు జారిపడతాయి. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతారు. బెదిరిపోయిన గురువు బిందె కోసం పరిగెడతాడు. అదీ నేను ఉగ్గాని తింటూ రాసిన సీను. దర్శకుడు చదివి నన్ను కౌగిలించుకున్నాడు. చానెల్ వాళ్లు ఫోన్ చేసి మెచ్చుకున్నారు.

మామకు చెప్పే పని నా మీదే పడింది. షూటింగుకు ముందురోజు పులివెందులలో దిగాక, మా బస ముందర అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. ఆయన నడుముకున్న చెక్కల మీద చెయ్యి వేసుకుని విన్నాడు.

“పడెయ్యల్నా?”

“యాక్టింగే మామా. నిజంగా జారినట్టు కాదు గదా.”

“అది యాక్టింగని చెక్కకు తెలుస్తాదా అప్పా?”

లేచి లోపలికి పోయాను. సీను మార్చమని దర్శకుణ్ణి అడిగాను. ఇక్కడైనా నాకు కొంచెం మార్కులు వేయండి. కథ చానెల్ ఒప్పుకున్నది, మార్చేది లేదన్నాడాయన. ముసలాయన పడేయకపోతే వేరే ఎవరి చేతులనో దగ్గరగా తీసి అతికిస్తానన్నాడు. అంటే మామ పడేసినా పడేయకపోయినా, టీవీలో మాత్రం పడేసినట్టే. ఈ మాట కూడా నేనే పోయి చెప్పాను. ఆయన తిట్టలేదు. చూస్తాంలే అన్నాడు, అంతే. ఇంత దూరం వచ్చి పిల్లల్ని సగంలో వదిలేసి పోలేడని నాకు తెలుసు. తెలిసి కూడా అడిగానే, అదే నాకు ఇప్పటికీ సిగ్గు.

మరునాడు మైదానంలో నాలుగైదు వందల మంది. పులివెందుల, వేంపల్లె కాలేజీల నుంచి తెచ్చిన పిల్లలే జనం. సీరియల్లో వాళ్లు ఎదుటి జట్టు వైపు. ‘పులివెందుల పిల్లులు’ అంటూ నేను ఒక నినాదం రాశాను. కొండయ్య దాన్ని పిల్లల నోట పలకనివ్వలేదు. పరాయి ఊరికి పోతే ముందు ఆ ఊరికి దండం పెట్టి తర్వాతే ఆట అని, పులివెందుల నేలనూ నీళ్లనూ పొగుడుతూ మొదలుపెట్టించాడు. ఎగతాళికి సిద్ధపడి కూర్చున్న జనం దానికి చప్పట్లు కొట్టారు. దర్శకుడు నా వైపు గుర్రుగా చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

ఆట మొదలైంది. కెమెరా ముందు దీపం. పదమూడు జతల చెక్కలు ఒక్కటిగా మోగుతున్నాయి. మధ్యలో మామ, నొప్పుల మోకాళ్లను మరిచిపోయి తిరుగుతున్నాడు. మూడో చుట్టులో చెక్కలు పడేయాలి. అది ఆయనకు తెలుసు, నాకు తెలుసు, దర్శకుడికి తెలుసు. పిల్లలకు చెప్పలేదు, వాళ్ల ముఖాల్లో అసలైన ఆశ్చర్యం కావాలని.

మూడో చుట్టు వచ్చింది. మామ పడేయలేదు. వేళ్లు ఇంకా బిగించి పట్టుకున్నాడు. నాలుగో చుట్టు. దర్శకుడు చెయ్యి పైకెత్తాడు, కట్ చెప్పడానికి. సరిగ్గా అప్పుడు జువేరియా చేతిలోంచి చెక్కలు జారిపడ్డాయి.

మిట్టమధ్యాహ్నపు ఎండ. చెమటకు బూడిద ఎప్పుడో కరిగిపోయింది. చెక్కలు నేలకు తగిలిన చప్పుడు నాకు వినపడింది. ఆ పిల్ల ఆగిపోయింది. గ్యాలరీలో ముందు ఎవరో ఒకడు నవ్వాడు, తర్వాత పది మంది, తర్వాత మైదానమంతా. ఆమె కళ్లు నీళ్లతో నిండాయి. కట్టుబాటు ప్రకారం వరసలోంచి బయటికి పోవాలి. పోవడానికి ఒక అడుగు వెనక్కి వేసింది కూడా.

దర్శకుడు కట్ అని అరిచాడు. ఎవరూ ఆగలేదు. గురువు చెక్క ఆగితేనే ఆగాలి, పాము వచ్చినా ఆగకూడదని మామ వాళ్లకు మొదటి రోజే చెప్పి ఉన్నాడు. కెమెరామన్ కూడా ఆపలేదు, ఎందుకో ఇప్పటికీ చెప్పలేడు.

కొండయ్య అడుగు తప్పకుండా, రెండు తాళాలు మధ్యలో పూర్తి చేసుకుని, జువేరియా ముందుకు వచ్చాడు. చెయ్యి చాచాడు. వేళ్లు విప్పాడు. నలభై ఎనిమిదేళ్లు జారని చెక్కలు సరిగ్గా తాళం మీద నేలన పడ్డాయి. తర్వాత వంగాడు. ఆ మోకాళ్లతో వంగడం ఎంత కష్టమో నాకు తెలుసు. రెండు జతలూ ఏరుకున్నాడు. కళ్లకద్దుకున్నాడు. తన జతను ఆ పిల్ల చేతిలో పెట్టి, ఆ పిల్ల జతను తాను తీసుకుని ఆమె నిలబడిన చోట నిలబడ్డాడు. ఆమె చెయ్యి పట్టుకుని మధ్యలోకి నెట్టాడు. ఒక్క క్షణం అందరి అడుగులూ తడబడ్డాయి. తర్వాత మధ్యలోంచి చెక్క మోగింది. జట్టు తిరిగింది.

జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు, కానీ ఇప్పుడు ముసలాయన్ను చూసి నవ్వుతున్నారు. ఆ పిల్లను ఎవరూ చూడటం లేదు. నేను ఒక మూలకు పోయి నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి.

దర్శకుడు ఎగిరి గంతేశాడు. రాసింది రాసినట్టు, ఒకే దెబ్బకు వచ్చిందని మామ వీపు తట్టాడు. సాయంత్రం ముద్దనూరు మీదుగా వ్యానులో వస్తుంటే మామ పక్కనే కూర్చున్నాను. సీను బాగా వచ్చింది మామా అన్నాను.

“ఆ పిల్ల ఏడ్సిందా?” అని అడిగాడు.

“లేదు మామా.”

“అట్లయితే బాగా వచ్చినట్టే.”

చివరి భాగం ప్రసారమైన సాయంత్రం నేను పెద్దముడియం దగ్గరి ఆ పల్లెకు పోయి ఆయన ఇంట్లోనే కూర్చున్నాను. ఇల్లంతా ఊరి జనం. చెక్కలు పడే చోట చానెల్ వాళ్లు నవ్వుల శబ్దం కలిపారు, ఒకటికి రెండింతలు. ఊరి పిల్లలు పడీ పడీ నవ్వారు. మామ కూడా నవ్వాడు, పిల్లలను చూసి. నవ్వనిది ఇద్దరే. ఒకరు గడప దగ్గర కూర్చున్న ఆయన పాత జట్టు మనిషి. ఇంకొకరు చిన్నసుబ్బమ్మత్త. ఆమె టీవీ చూడటం మాని గోడ వైపు చూసింది. వరసగా పదమూడు జతలు వేలాడుతున్నాయి. వాటి పైన ఆయన జతకు కొట్టిన మేకు ఖాళీగా ఉంది. రెండు నెలలుగా ఆమె ఆ ఖాళీ మేకును చూస్తూనే ఉంది, ఎందుకని అడగలేదట. కొంగుతో ముక్కు తుడుచుకుని, అందరికీ టీ పెట్టడానికి లేచింది.

నేను మర్యాదగా అక్కడితో ఈ కథ ముగించి ఉండేవాణ్ణి. ఆరు నెలల తర్వాత ప్రొద్దుటూరులో ఏదో పని పడి, మేము షూటింగు చేసిన కాలేజీ ముందు నుంచి పోతుంటే లోపల చెక్కల మోత వినిపించింది. సీరియల్ అయిపోయి ఎన్నాళ్లయిందో కదా అని లోపలికి పోయాను. నిజమైన కబడ్డీ పోటీలకు పిల్లలు సిద్ధమవుతున్నారు. పదకొండు మందిలో తొమ్మిది మంది పాతవాళ్లే, మిగతా వాళ్లు కొత్త. మధ్యలో జువేరియా. చేతిలో అరిగిన పాత జత, బొటనవేలు ఆ గుంటలో కుదురుగా కూర్చుని ఉంది. కువైటులో ఉన్న ఆమె తండ్రికి చూపించడానికి ఒక పిల్ల ఫోన్లో అంతా వీడియో తీస్తోంది.

కొండయ్య మామ వరస బయట నిలబడి ఉన్నాడు. చంకలో స్టీలు బిందె, చేతిలో గ్లాసు. పాట ఆగగానే కుంటుకుంటూ పోయి ఒక్కొక్కరికీ నీళ్లు తాపుతున్నాడు.

నేను దగ్గరికి పోయి, ఇదేంది మామా, అది షూటింగు కదా, నువ్వు కావాలని పడేసినావు కదా అన్నాను.

“కావాలనే పడేసినా. పడినాయా లేదా? పడినాయి. ఏడాది మోయల్ల. నేను మోయకుంటే రేపు ఈ పిల్లోళ్లు ఎందుకు మోస్తారప్పా?”

“మరి ఆ పిల్ల చెక్కలూ పడినాయి గదా.”

“అవి ఇప్పుడు నావి. ఆ పాప చేతిలో ఉండేటివి గురువు చెక్కలు. అవి ఆ పాప చేతిలోంచి ఒగసారి గూడా జారలేదు.”

ఆయన ముఖంలో బాధ లేదు. వెతికాను, లేదు. మధ్యలో జువేరియా మళ్లీ చెక్క ఎత్తింది, జట్టు కదిలింది. ఆయన కాళ్లు నిలబడిన చోటే తాళం వేస్తున్నాయి, బిందెలో నీళ్లు తొణుకుతున్నాయి.

“రాసింది నేను గదా మామా,” అన్నాను.

ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూశాడు. ఇన్నాళ్లకు తెలిసిందా అన్నట్టు చూశాడు. చంకలోని బిందె తీసి నా చేతికిచ్చాడు.

“అట్లయితే పట్టు. కొళాయి ఆ పక్కన ఉంది.”

బిందె సగమే ఉంది. నింపుకొచ్చి, పాట ఆగిందాకా ఆయన పక్కనే నిలబడ్డాను.